ఆకుపచ్చ బటన్ నొక్కండి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను జీవశాస్త్రమే చెప్పాను. కానీ ఇప్పటికీ ఖమ్మం బజారులో పాత సహోద్యోగులు ఎదురైతే కప్పల గురించో ఆకుల గురించో అడగరు. "మేడమ్, గోదావరి వచ్చిందా?" అని నవ్వుతారు. ఆ నవ్వు వెనకాల ఉన్న సంగతి కొత్తగా ఉద్యోగాల్లో చేరే మీకు చెప్పాలనిపించింది. ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ఒక్క క్లిక్కు, అంతే. కాకపోతే ఆ క్లిక్కు చేసేటప్పుడు భయపడినంతగా ఉద్యోగంలో మరెప్పుడూ భయపడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి దశాబ్దం అది. అడవి పల్లెల్లో చాలా బడులు శిక్షణ లేని టీచర్ల చేతుల మీదుగా నడిచేవి. ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చినవాళ్లను పిలిచి బడి అప్పగించారు. వాళ్లు ఏళ్ల తరబడి చెప్పారు. ఒకరోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది: శిక్షణ పూర్తిచేసి పరీక్ష పాసైతేనే కొనసాగింపు, లేకపోతే ఇంటికి. వాళ్లను ఖమ్మంలో మా శిక్షణ కేంద్రానికి రమ్మంటే బడులు మూతపడతాయి. అందుకని పాఠాలను ఒక వెబ్‌సైటులో పెట్టి భద్రాచలం, ఏన్కూరు, ఎర్రుపాలెం లాంటి చోట్ల చిన్న కంప్యూటర్ గదులు తెరిచారు. శనివారం శనివారం వచ్చి పాఠం చదవాలి, జవాబులు అందులోనే, తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి రాయాలి. చివరి పరీక్ష కూడా అందులోనే.

ఆ వెబ్‌సైటు బాధ్యత నాకు అప్పగించారు. ఎప్పుడో హైదరాబాదులో కంప్యూటర్ శిక్షణకు వెళ్లొచ్చానన్నది నేను చేసిన నేరం. నాకు తోడుగా ఒక టెక్నీషియన్ ఉండేవాడు. ఖమ్మం కుర్రాడే, తాతల కాలం నుంచి చీరలకు రంగులద్దే దుకాణం వాళ్లది. తండ్రి రంగుల తొట్ల దగ్గర ఉంటే కొడుకు కంప్యూటర్ల దగ్గర చేరాడు. నేను మొదటిరోజు బెదిరిపోయి మెనూలన్నీ చూస్తూ కూర్చుంటే, 'అప్పియరెన్స్' అన్నదాని మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇది సైటుకు బట్టలు మార్చుడు మేడమ్, అంతే. థీమ్ అంటరు. రంగు మారుతది, అక్షరం సైజు మారుతది, పైన బొమ్మ మారుతది. లోపల పాఠం మాత్రం గదే ఉంటది. పరేషాన్ కాకుండ్రి."

పరేషాన్ కాకుండా ఎలా ఉంటాం? మా ప్రిన్సిపాల్‌గారు ఆ పేజీ చూసేశారు.

ఆయనది మధిర వైపు. మాట మెత్తన, పట్టు గట్టి. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు. "ఇంత బోసిగా ఉందేంటండీ మేడమ్‌గారూ? మన ప్రాంతం ఉట్టిపడాలండీ." అలా పేజీ నెత్తిన గోదావరి ఎక్కింది. సూర్యోదయం, నీళ్లు, నీళ్ల మీద పడవ. దాని కింద కుడి నుంచి ఎడమకు 'స్వాగతం' అని పాకుతూ పోయే అక్షరాలు. ఖమ్మంలో మా ఆఫీసు కంప్యూటర్లో చూస్తే నిజంగానే బాగుంది.

తర్వాతి శనివారం ఏన్కూరు నుంచి ఫోన్.

"మేడమ్, గోదావరి సగం వచ్చింది. పడవ ఇంకా రాలే."

"పాఠం వచ్చిందా అమ్మా?"

"పడవ పోయినంకనే వస్తదేమో మేడమ్. మేం చాయ్ తాగొస్తం."

ఫోన్ తీగ మీద నడిచే ఇంటర్నెట్ అది. మీరు ఇప్పుడు సినిమా మొత్తం దించుకునేంత సేపట్లో మాకు సూర్యుడి పై అంచు కనపడేది. నేను బొమ్మ చిన్నది చేయించాను. ప్రిన్సిపాల్‌గారు పడవ కనపడటం లేదని మళ్లీ పెద్దది చేయించారు. లెక్కల లెక్చరర్‌గారు అసలు బొమ్మ వద్దన్నారు, తెలుగు మేడమ్‌గారు పేజీ అంతా గులాబీ రంగు కావాలన్నారు. సమావేశాలు పెట్టుకుని మరీ పోట్లాడుకున్నాం. చివరికి టెక్నీషియన్ విసిగిపోయి, "ఎవరికి నచ్చిన థీమ్ వాళ్లే పెట్టుకునే సెట్టింగ్ ఒకటుంది మేడమ్. తెరిచేద్దామా?" అన్నాడు. తెరిచేశాం.

ఆ శనివారం మా ఫోన్ పడిన పాట్లు చెప్పలేను.

"కింద నీలం బటన్ నొక్కమ్మా."

"నీలం లేదు మేడమ్. నేను గులాబీ పెట్టుకున్న."

"సరే, గులాబీ బటన్ నొక్కు."

"పేజీ అంత గులాబీనే ఉన్నది. బటన్ ఏదో తెలుస్తలేదు."

ఆ సెట్టింగ్ మూసేసేసరికి అందరికీ కోపం వచ్చింది. రంగు పెట్టుకున్న చేతులు ఊరుకోవు కదా. అయితే అసలు చిక్కు మరొకటుంది. ఆనాటి కంప్యూటర్లలో తెలుగు సరిగ్గా వచ్చేది కాదు. పాఠాలను బొమ్మలుగా మార్చి పెట్టేవాళ్లం గానీ, బటన్ల మీద తెలుగు మాట రాస్తే కొన్నిచోట్ల వరసగా డబ్బాలు కనపడేవి. ఇంగ్లిషు మాటలు ఉంచుదామంటే ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకోలేదు. "మాటలే వద్దండీ. గుండ్రటి బటన్లు పెట్టేయండి. ఆకుపచ్చది నొక్కితే జవాబు భద్రం, ఎర్రది నొక్కితే జవాబు చెరిగిపోతుంది. చదువురాని వాడికైనా తెలిసే భాషండీ అది."

అందరం బాగుందన్నాం. నేను కూడా. ప్రతి కేంద్రంలో గోడకు కాగితం అంటించాం: ఆకుపచ్చ బటన్ నొక్కండి.

శనివారాలు నా డ్యూటీ భద్రాచలం కేంద్రంలో. పొద్దున్నే బస్సెక్కి వెళ్లేదాన్ని. అక్కడికి వచ్చేవాళ్లలో ఒకాయన పర్ణశాల దాటి లోపలికి ఉన్న కోయ పల్లె నుంచి వచ్చేవాడు. నలభై ఏళ్లకు దగ్గర మనిషి. ఆ బడికి ఆయనొక్కడే టీచరు. చిన్నపిల్లలకు ముందు వాళ్ల కోయ భాషలో చెప్పి, తర్వాత మెల్లగా తెలుగులోకి ఎలా తీసుకొస్తాడో ఒకసారి మాకు చేసి చూపించాడు. మా లెక్చరర్లలో చాలామందికి అంత ఒడుపు లేదు. చర్చల్లో ఆయన నోరు తెరిస్తే మిగతావాళ్లు ఊరుకుని వినేవాళ్లు.

కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి అయిపోయేవాడు. కొన్ని వారాలు జవాబులు చక్కగా ఉండేవి. కొన్ని వారాలు మొత్తం ఖాళీ. "రాశిన మేడమ్. రాసి నొక్కిన. పోయింది," అనేవాడు. మా సిబ్బందిలో ఒకరు నా చెవిలో, "అడవిల నుంచి వచ్చినోళ్లకు ఇవి ఎక్కడ వస్తయి మేడమ్," అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది కానీ, మరి ఆ ఖాళీ పేజీలకు కారణమేమిటో నాకూ తోచలేదు. "ఇంకొంచెం ప్రాక్టీస్ చేయండి సార్," అనేదాన్ని. ఆయన తలొంచుకుని, "అవ్ మేడమ్," అనేవాడు. ఆ రెండు మాటలతో మా సంభాషణ ముగిసిపోయేది.

చివరి పరీక్షకు ముందురోజు ఖమ్మంలో హడావుడి మొదలైంది. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసర్ వస్తున్నారు, మా ఆఫీసులో కూర్చుని పరీక్ష ఎలా నడుస్తుందో తెర మీద చూస్తారు. ప్రిన్సిపాల్‌గారు సైటుకు పెళ్లిబట్టలు కట్టించారు. గోదావరి మళ్లీ పెద్దదైంది. జవాబు రాసిన ప్రశ్న పక్కన ఆకుపచ్చ చుక్క, రాయని ప్రశ్న పక్కన ఎర్ర చుక్క. ఆ వారం ఎడమవైపు ఉన్న ఆకుపచ్చ బటన్ కుడివైపుకు జరిగింది. "మంచిది ఎప్పుడూ కుడివైపే ఉండాలండీ," అన్నారాయన. "రేపు ఆఫీసర్ వెళ్లేదాకా ఎవ్వరూ దీని మీద చెయ్యి వేయొద్దు. అడిగి చేయండి, ఏది చేసినా."

పరీక్ష రోజు నేను భద్రాచలంలో, టెక్నీషియన్ ఖమ్మంలో ఆఫీసరుగారి పక్కన. పరీక్ష మొదలైంది. గోదావరి దిగి రావడానికి కాసేపు పట్టింది. తర్వాత గదంతా నిశ్శబ్దం, మీటల చప్పుడు తప్ప. నేను వరసల మధ్య తిరుగుతున్నాను. పర్ణశాల వైపు నుంచి వచ్చిన ఆ సారు చెయ్యి ఎత్తాడు.

దగ్గరికి వెళ్లి చూస్తే మొదటి పేజీ ఖాళీ.

"రాశిన మేడమ్. మొత్తం రాశిన," అన్నాడు.

"ఆకుపచ్చ బటన్ నొక్కాలి కదా సార్. గోడ మీద కూడా రాసి ఉంది." నా గొంతులో విసుగు వినపడే ఉంటుంది.

ఆయన తెర వైపు చూశాడు. నా వైపు చూశాడు. పక్కవాళ్లకు వినపడకుండా అడిగాడు: "ఏది మేడమ్, ఆకుపచ్చ?"

వెటకారం అనుకున్నాను ఒక్క క్షణం. కళ్లు చూస్తే నీళ్లున్నాయి. బయటికి రమ్మని సైగ చేసి వరండాలోకి తీసుకెళ్లాను.

"ఎడమ దిక్కుది నొక్కాలని గుర్తు పెట్టుకున్న మేడమ్. మీరు బొమ్మ మార్చినప్పుడల్లా అది జరుగుతది. ఏది ఏందో నాకు తెల్వది. రెండూ ఒక్కటే లెక్క ఉంటయి నాకు."

"ఎప్పటి నుంచి ఇలా?"

"చిన్నప్పటి సంది. మేం ఏన్కూరు దిక్కు మిర్చి తోటలకు కూలికి పోతుంటిమి. పండుకాయ తెంపమంటే నేను పచ్చికాయ తెంపేది. మేస్త్రి కొట్టిండు. మా అమ్మ అడ్డం వచ్చింది. నాకు కాయ కనపడతది మేడమ్, పండిందో లేదో కనపడదు. పట్టుకుని చూస్త, మెత్తగుంటే పండింది అనుకుంట."

నేను గోడకు ఆనుకున్నాను. ఏటేటా బోర్డు మీద సుద్దముక్కతో గీసి, తల్లి నుంచి కొడుక్కి ఈ లక్షణం ఎలా వస్తుందో బొమ్మలు వేసి మరీ చెప్పిన పాఠం ఇది. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని కళ్లు. వర్ణాంధత. పరీక్షల్లో నేనే ప్రశ్నగా ఇచ్చేదాన్ని. అది ఉన్న మనిషి ఎన్నో శనివారాలు నా ఎదురుగా కూర్చుంటే, ప్రాక్టీస్ చేయమన్నాను.

"మీ మేనమామల్లో ఎవరికైనా ఇలాగే ఉండేదా సార్?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "మా పెద్ద మామకు ఉండేది. మీకెట్ల ఎర్క మేడమ్? మా ఊరు ఎప్పుడూ రాలేదు గద మీరు?"

నా పాఠం ఒకరికి మంత్రంలా వినపడటం అదే మొదలు, అదే చివర.

"ఎవరికీ చెప్పకుండ్రి మేడమ్," అన్నాడు వెంటనే. "రంగులు తెల్వని సారు పిల్లలకు ఏం చెప్తడని అంటరు. బడి తీసేస్తరు."

చెప్పనని మాటిచ్చాను. కుడివైపుది నొక్కండి అని చెప్పి లోపలికి పంపేద్దామా అనుకున్నాను. కానీ బటన్ ఒక్కటే కాదు, ఏ ప్రశ్నకు జవాబు పడిందో చెప్పే చుక్కలూ రంగుల్లోనే ఉన్నాయి. పరీక్ష అయ్యేదాకా నేను ఆయన భుజం పక్కన నిలబడితే జవాబులు చెబుతున్నానంటారు. అదీ కాక, నా పుస్తకం ప్రకారం మగవాళ్లలో ఇది మరీ అరుదైన సంగతి కాదు. మిగతా కేంద్రాల్లో ఎంతమంది మగ టీచర్లు ఇదే సమయానికి ఖాళీ పేజీలు చూస్తూ తలొంచుకుని కూర్చున్నారో ఎవరికి తెలుసు?

ఖమ్మం ఫోన్ చేశాను. టెక్నీషియన్ గుసగుసగా ఎత్తాడు.

"థీమ్ మార్చు బాబూ. మొదటిరోజు ఉన్న తెల్లది పెట్టు. ఇంగ్లిషులో మాటలున్న బటన్లు."

"ఇప్పుడా మేడమ్? సారు నా పక్కనే ఉన్నరు. ఆఫీసర్ సారు గోదావరినే చూస్తున్నరు. నేను మౌస్ ముట్టుకుంటే నా పని ఖతం."

"సరే, నేనే మారుస్తా. రాస్తున్నవాళ్ల జవాబులు పోతాయా?"

"పోవద్దు మేడమ్. బట్టలే గద మారేది. కానీ ఇంతమంది రాస్తుంటే ఎప్పుడూ మార్చలే."

అడిగి చేయండి అన్నారు ప్రిన్సిపాల్‌గారు. అడిగితే వద్దంటారని తెలుసు, వద్దన్నాక చేస్తే అది వేరే నేరం. అడగకుండా చేయడమే తేలిక నేరంగా తోచింది. మూలనున్న ఖాళీ కంప్యూటర్ ముందు కూర్చుని నా పాస్‌వర్డ్ కొట్టాను.

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. ఆ సెట్టింగుల పేజీ నెత్తిన కూడా గోదావరి ఉంది! గోదావరిని తీసేయడానికి ముందు గోదావరి రావాలి. ఆకాశం వచ్చింది. సూర్యుడి నుదురు వచ్చింది. నీళ్లు ఒక్కో గీత దిగుతున్నాయి. ఆ సారు తన కుర్చీలోంచి నన్నే చూస్తున్నాడు. పడవ వచ్చింది. దాని కింద పాకే 'స్వాగతం' వచ్చింది. జన్మలో ఆ మాటను అంతగా తిట్టుకోలేదు. ఆఖరికి థీముల పేర్లు వచ్చాయి. తెల్లదాన్ని ఎంచుకున్నాను. ఎవరి జవాబులైనా పోతే రేపు వాళ్ల బడి పోతుంది, దానికి కారణం నేనవుతాను. కళ్లు మూసుకోలేదు కానీ మూసుకున్నంత పని చేసి నొక్కాను.

గదిలో ఎవరో, "అరె, తెల్లగైంది!" అన్నారు.

"ఏంది మేడమ్ ఇది?" అని ఇంకొకరు.

"ఏం కాలేదు. రాసినవి ఉన్నాయా చూసుకోండి."

కాసేపు మౌసుల చప్పుడు. "ఉన్నయి మేడమ్." "నావి గూడ ఉన్నయి." "పేజీ గిట్ల నొక్కితే గట్ల వస్తుంది మేడమ్, జల్దీ!"

ఆ సారు మాత్రం మొదటి పేజీకి వెనక్కి వెళ్లి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. బటన్ మీద ఉన్న ఇంగ్లిషు మాటను పెదాలతో చదివి నొక్కడం దూరం నుంచి చూశాను. తర్వాత నా వైపు చూడనే లేదు, అంత పనిలో ఉన్నాడు.

ఖమ్మంలో ఏం జరిగిందో టెక్నీషియన్ తర్వాత చెప్పి చెప్పి నవ్వించాడు. ఆఫీసరుగారు పడవను మెచ్చుకుంటూ ఏదో నొక్కారట, తెర తెల్లబోయిందట, దానితోపాటు మా ప్రిన్సిపాల్‌గారి మొహం కూడా. "ఇదేమిటి?" అన్నారట ఆఫీసర్. మా కుర్రాడు గుక్క తిప్పుకోకుండా, "పరీక్ష టైంకు సాదా డ్రెస్ సార్. లైన్ స్లో ఉన్న సెంటర్లల్ల పేజీ జల్దీ రావాలని," అన్నాడట. "మంచి ఆలోచన. ఎవరిది?" అని ఆయన అడిగితే ప్రిన్సిపాల్‌గారు పైకప్పు వైపు ఒకసారి చూసి, "అందరం కలిసి అనుకున్నామండీ," అన్నారట.

సోమవారం నన్ను గదికి పిలిచారు.

"ఎందుకు మార్చారండీ?"

నిజం నా నోట్లో ఉంది. మాటిచ్చాను కాబట్టి మింగాను. "లైన్ బాగా నెమ్మదిగా ఉందండీ."

"ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు కదా?"

"అడిగితే వద్దంటారని అడగలేదండీ."

అరుస్తారనుకున్నాను. "వద్దనేవాణ్నేనండీ," అని నిట్టూర్చి టీ తెప్పించారు. అలాంటి మనిషాయన. ఆ టీ తాగుతూ, ఇక ముందు రంగు ఒక్కటే ఆధారంగా ఏ బటన్ పెట్టొద్దని అడిగితే, కారణం అడగకుండానే ఒప్పుకున్నారు. గోదావరిని మాత్రం వదులుకోలేదు. చిన్నదై, ఒక మూలన, పడవ లేకుండా మిగిలింది.

బటన్లు మళ్లీ చేసే పని టెక్నీషియన్‌కు చెప్పాను. తెలుగు మాటలను బొమ్మలుగా గీసి పెడదామన్నాడు, అప్పుడు డబ్బాలు రావు. గీస్తూ గీస్తూ ఆగి, "మా నాన్న దుకాణంల ఒకాయన పనికి చేరిండు మేడమ్. చేతి పని మస్తు. కానీ ఎర్ర తొట్టిల ముంచమంటే పచ్చ తొట్టిల ముంచిండు. నాన్న ఆయన్ను ఇస్త్రీ దగ్గర పెట్టుకున్నడు," అన్నాడు. "ఎవరని నేను అడగను మేడమ్," అని మళ్లీ గీతల్లో పడ్డాడు.

ఆ సారు పాసయ్యాడు. బాగా పాసయ్యాడు. ఇంకో రెండు కేంద్రాల నుంచి కూడా, ఎప్పుడూ ఖాళీ పేజీలు పంపేవాళ్లు ఆసారి నిండు పేజీలు పంపారని తెలిసింది. వాళ్ల కళ్ల సంగతి నేను ఆరా తీయలేదు.

ఆ తర్వాత కొంతకాలానికి బడుల పర్యవేక్షణకు మమ్మల్ని పంపితే ఆ పల్లెకు వెళ్లాను. జీపు దిగి కొంత దూరం నడవాలి. బడి ముందు పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఆకులు, పూలు, ఈకలు, గాజు ముక్కలు. సారు ఒక ఈక ఎత్తి చూపించి కోయలో ఏదో అడిగాడు, పిల్లలు అరిచి చెప్పారు. మళ్లీ తెలుగులో అడిగాడు, మళ్లీ అరిచారు. చెబుతున్నది రంగుల పాఠం!

నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. నేను ఏమీ తెలియనట్టు పిల్లల వైపు తిరిగి, "సారు బాగా చెప్తున్నారా?" అన్నాను.

ముందు వరసలో ఉన్న పిల్ల లేచి నిలబడింది. "సారు చెప్పడు. మా సారుకు రంగులు తెల్వవు. మేమే చెప్తం," అంది. ఎంత గర్వం ఆ గొంతులో!

ప్రిన్సిపాల్‌గారి ముందు నేను మింగిన నిజం, టెక్నీషియన్ అడగకుండా వదిలేసిన నిజం, ఆ పిల్ల అడవంతా వినపడేలా చెప్పేసింది. నేను సారు వైపు చూశాను. ఆయన నవ్వుతున్నాడు.

"నేనే చెప్పిన మేడమ్ వీళ్లకు. అప్పటి సంది ఒక్కడు బడి ఎగ్గొడతలేడు. నాకు చెప్పాలె గద."

ఆ పిల్ల ఇంకా కూర్చోలేదు. నన్ను పైనుంచి కిందికి పరీక్షగా చూసి సారు వైపు తిరిగింది. "సారూ, ఈ మేడమ్ చీర ఇప్పపువ్వు రంగు. అంచు పాలపిట్ట రెక్క రంగు."

"అట్లనా!" అన్నాడాయన. ఒక అడుగు వెనక్కి వేసి, తల కొంచెం పక్కకు వంచి, నా చీరను నిదానంగా చూశాడు. "మంచిగుంది మేడమ్."